వసంతంలో పైకి లేచే పూల్ డెక్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ప్రాంతంలో చలికాలం నాలుగైదు నెలలు ఉంటుంది, నేల చాలా లోతు వరకు గడ్డకడుతుంది. ఈ వేసవిలో పెరట్లో గొయ్యి తవ్వించి స్విమ్మింగ్ పూల్ కట్టించుకున్నాం. చుట్టూ మట్టి పూడ్చిన వారానికే నాలుగు అంగుళాల కాంక్రీటు పోసి డెక్ (పూల్ చుట్టూ నడిచే తలం) పూర్తి చేస్తానని కాంట్రాక్టరు తొందరపెడుతున్నాడు. పక్కింటివారి డెక్ మూడు చలికాలాలకే ఒకచోట లేచి, ఒకచోట కుంగి, వాన పడితే నీరంతా పూల్‌లోకే వస్తోంది. కాంక్రీటు, పేవర్లు (నేలపై పేర్చే చిన్న దిమ్మెలు), చెక్క, వీటిలో ఏది మేలు? ఎలా కట్టిస్తే నాలుగు కాలాలపాటు నిలుస్తుంది?

జవాబు: దేనితో కట్టాలన్న మాట కాసేపు పక్కన పెట్టి, పక్కింటి డెక్ ఎందుకు లేచిందో ముందు చూద్దాం. ఆ కారణం పట్టుబడితే మీ ప్రశ్నలో సగానికి జవాబు దానంతట అదే దొరుకుతుంది.

నీరు గడ్డకడితే దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుందని అందరం బడిలో చదువుకున్నదే. అయితే నేల అంగుళాల కొద్దీ పైకి లేవడానికి ఆ 9 శాతం చాలదు. 1930 ప్రాంతంలో స్టీఫెన్ టేబర్ అనే అమెరికన్ భూగర్భ శాస్త్రజ్ఞుడు మట్టిని నీటికి బదులు బెంజీన్‌తో తడిపి గడ్డకట్టించి చూశాడు. బెంజీన్ గడ్డకట్టినప్పుడు పెరగదు, కుదించుకుపోతుంది. అయినా మట్టి పైకి ఉబ్బింది. అంటే ఉబ్బుకు అసలు కారణం అప్పటికే మట్టిలో ఉన్న ద్రవం వ్యాకోచించడం కాదని, కింది నుంచి కొత్తగా వచ్చి చేరే ద్రవమేనని తేలింది. చలి పైనుంచి దిగుతున్నకొద్దీ, గడ్డకట్టే పొర దగ్గరికి కింది మట్టిలోని నీరు దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు ఎగబాకుతుంది. అక్కడ అది పలచని మంచు పలకగా మారుతుంది, ఆ పలక అడుగుకు మళ్లీ నీరు చేరుతుంది, పలక మందమవుతుంది, పైనున్నదంతా లేస్తుంది. గడ్డకట్టిన ఒండ్రుమట్టి పెళ్లను నిలువుగా విరిచి చూస్తే మట్టి పొర, మంచు పొర, మళ్లీ మట్టి పొర, ఇలా దొంతరలు కంటికి స్పష్టంగా కనిపిస్తాయి. వసంతంలో ఆ పలకలు కరిగి, అడుగున ఇంకా గడ్డకట్టి ఉన్న నేల ఆ నీటిని ఇంకనివ్వక, మట్టి బురదై కుంగుతుంది. పక్కింట్లో ఒకచోట లేవడం, మరొకచోట కుంగడం వెనుక ఉన్న కథ ఇదే.

ఇది జరగడానికి చలి, నీరు, నీటిని పైకి లాగే సన్నని మట్టి, మూడూ ఒకచోట కలవాలి. చలిని ఆపడం మన తరం కాదు కాబట్టి మిగిలిన రెండింటి మీద పని చేయాలి. అందుకే డెక్‌కు పెట్టే ఖర్చులో పైకి కనిపించే రాయికన్నా కింద కనిపించని కంకరకే ముందు చోటివ్వమని నా సలహా. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

ఇక మీ కాంట్రాక్టరు తొందర సంగతి. పూల్ కోసం గొయ్యిని గోడకన్నా వెడల్పుగా తవ్వుతారు, తరువాత గోడకూ గోతి అంచుకూ మధ్య ఖాళీని పూడుస్తారు. తవ్వి తీసిన మట్టినే వదులుగా నింపితే అది ఒకటి రెండేళ్లపాటు దిగుతూనే ఉంటుంది. దాని మీద పోసిన కాంక్రీటు పలక ఒక అంచున తవ్వని గట్టినేల మీద, మరో అంచున దిగిపోయే మట్టి మీద ఉంటుంది కాబట్టి మధ్యలో బీటవారక తప్పదు. ఆ ఖాళీని దుమ్ములేని కంకరతో నింపి ఉంటే పెద్ద చిక్కు లేదు. మట్టితో నింపి ఉంటే ఆరేసి అంగుళాల పొరలుగా వేసి ప్రతి పొరనూ దిమ్మిస కొట్టారా అని అడగండి. అలా చేయలేదని తేలితే, పై మట్టిని తీయించి కంకర నింపించండి, లేదా ఈ ఏడాదికి తాత్కాలికంగా కంకర పరిచి ఒక చలికాలం, ఒక వసంతం గడవనివ్వండి. మట్టి చాలావరకు దిగాక వచ్చే వేసవిలో పని మొదలుపెడితే నష్టపోయేది ఒక సీజను మాత్రమే. ఒక హెచ్చరిక: మీది ఫైబర్‌గ్లాస్ పూల్ అయితే బయట పూడ్చే పొర, లోపలి నీటిమట్టం రెండూ కలిసి పైకి రావాలి. ఖాళీ పూల్ పక్కన కంకర గుమ్మరిస్తే గోడ లోపలికి వంగుతుంది.

నేల స్వభావం తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. డెక్ వచ్చే చోట అడుగు లోతు గుంట తీసి, ఒక బకెట్ నీళ్లు పోసి, అవి ఇంకాక మళ్లీ నింపి వదిలేయండి. మర్నాటికి కూడా గుంటలో నీరు నిలిచి ఉంటే మీ నేల నీటిని వదిలేది కాదు. అప్పుడు కంకర పొర ఒక్కటే చాలదు, ఎందుకంటే జిగట మట్టిలో తవ్విన కంకర పడక తొట్టిలా నీటిని పట్టుకుంటుంది. దాని అడుగున రంధ్రాలున్న పైపు వేసి, పల్లం వైపు బయటికి తీసుకెళ్లి వదలాలి. ఇంటి కప్పు మీది నీరు గొట్టాల ద్వారా వచ్చి డెక్ పక్కనే పడుతుంటే దాన్ని కూడా దూరంగా మళ్లించాలి. ఈ చిన్న పని ఎవరికీ గుర్తుండదు.

పై మట్టిని తీసేశాక, కింది నేల మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ పరచండి. సన్నని మట్టి పైకెక్కి కంకర సందుల్ని పూడ్చకుండా అది అడ్డుకుంటుంది. దాని మీద 8 నుంచి 12 అంగుళాల కంకరను పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టించాలి. కంకరలో రాతిపొడి కలిసిన రకం గట్టిగా కూర్చుంటుంది గానీ పొడి ఎక్కువైతే అదే నీటిని పట్టి ఉంచుతుంది. కాబట్టి మంచు ప్రాంతంలో పొడిలేని, సందులున్న కంకరకే నా ఓటు. పైభాగం మొత్తం పూల్ నుంచి బయటికి అడుగుకు పావు అంగుళం చొప్పున, అంటే 2 శాతం వాటంతో ఉండాలి. ఈ వాటాన్ని కంకర పొరలోనే తేవాలి, పైన కాంక్రీటు మందం పెంచో తగ్గించో సర్దకూడదు.

ఇప్పుడు పైన ఏది పరచాలన్న విషయానికి వద్దాం. మీ చోట నేనైతే కాంక్రీటు పేవర్లు ఎంచుకుంటాను. అవి కదలవని కాదు, కదిలినా పగలకపోవడం వల్ల. చిన్న చిన్న దిమ్మెలు కాబట్టి నేల కొద్దిగా లేస్తే వాటితోపాటు లేచి, దిగితే దిగుతాయి. ఎక్కడైనా కుంగితే ఆ పది దిమ్మెల్ని ఎత్తి, కింద సరిచేసి, మళ్లీ అవే దిమ్మెల్ని పేర్చవచ్చు. పగిలిన కాంక్రీటు పలకకు ఆ వెసులుబాటు లేదు. కొనేటప్పుడు దిమ్మె పీల్చే నీరు సగటున 5 శాతానికి మించకూడదని, బలం 55 మెగాపాస్కల్స్‌కు తగ్గకూడదని చూసుకోండి. సహజ రాయి కావాలంటే గ్రానైటు లాంటి దట్టమైన రాయి మంచిది. పొరలు పొరలుగా ఉండే ఇసుకరాయి, మెత్తని సున్నపురాయి మాత్రం నీటిని పీల్చి పొలుసులుగా ఊడతాయి. రెండు సెంటీమీటర్ల మందం పోర్సిలిన్ పలకలు పీల్చే నీరు అర శాతం లోపే కాబట్టి మంచు వాటినేమీ చేయదు. అయితే తడికాళ్లతో జారకుండా గరుకు తలం ఉన్నవే ఎంచుకోవాలి. దిమ్మెల కింద అంగుళం మందం సన్న రాతి చిప్స్ పరచాలి, రాతిపొడి వద్దు. బయటి అంచున కట్టు గట్టిగా లేకపోతే వరుసలు ఏడాదికేడాది జరిగిపోతాయి.

కాంక్రీటే కావాలనుకుంటే దానికీ మార్గముంది. గాలి బుడగలు కలిసే రసాయనం వేసిన కాంక్రీటును అడగండి. ఆ గాలి సుమారు 6 శాతం ఉండాలి. సిమెంటు ఒక కిలోకు నీరు 450 గ్రాములకు మించకూడదు, బలం 30 మెగాపాస్కల్స్ పైబడి ఉండాలి. లారీ వచ్చాక, పోయడానికి సులువని మేస్త్రీలు గొట్టంతో నీళ్లు కలుపుతారు. మీరు దగ్గరుండి ఆపాల్సింది ఆ ఒక్క పనినే. నాలుగు అంగుళాల పలకకు 8 నుంచి 10 అడుగులకు ఒక గాడి చొప్పున పొడవునా, వెడల్పునా కోయించాలి. గాడి లోతు కనీసం ఒక అంగుళం ఉండాలి, కోత అదే రోజు లేదా మర్నాడు పొద్దున్నే పూర్తికావాలి. పూల్ మూలలు లోపలికి మలుపు తిరిగే ప్రతిచోటా బీట అక్కడి నుంచే మొదలవుతుంది కాబట్టి ఆ మూల దగ్గరే గాడి వచ్చేలా ముందే గీసుకోవాలి. పోసిన తరువాత కనీసం వారం రోజులు తడి ఆరకుండా చూడాలి. చలి మొదలవడానికి ముందు పలక బాగా ఆరే వ్యవధి ఉండాలి కాబట్టి శరదృతువు చివర్లో పోయడానికి ఒప్పుకోకండి.

ఏ వస్తువు ఎంచుకున్నా ఒక చోట మాత్రం రాజీ పడకండి. పూల్ అంచు మీద వరుసగా పేర్చే రాళ్లను కోపింగ్ అంటారు. కోపింగ్ పూల్ గోడకు చెందింది, డెక్ నేలకు చెందింది. చలికాలంలో నేల కదులుతుంది, గోడ కదలదు. ఈ రెంటినీ కాంక్రీటుతో గానీ ఐరన్ ఊచలతో గానీ కలిపేస్తే డెక్ లేచినప్పుడల్లా కోపింగ్‌ను నెడుతుంది, మొదట దాని కింది టైళ్లు ఊడతాయి, తరువాత గోడ తల పగులుతుంది. అందుకే రెంటి మధ్య చుట్టూరా అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం వరకు ఖాళీ వదిలి, లోపల ఫోమ్ తాడు దూర్చి, పైన సాగే గుణమున్న సీలెంట్ నింపాలి. నేను చూసిన ఒక డెక్‌లో ఆ సందును చక్కగా కనబడాలని సిమెంటు పాలతో పూడ్చేశారు. మొదటి వసంతానికి నీలి టైళ్లు వరుసగా అరచేతి వెడల్పున ఊడి పూల్ అడుగున పడి ఉన్నాయి, సందులోని సిమెంటు మాత్రం చెక్కుచెదరలేదు. గట్టిది గెలిచింది, టైళ్లు ఓడాయి. ఆ సీలెంట్ ఎండకు, క్లోరిన్‌కు కొన్నేళ్లలో చిట్లుతుంది కాబట్టి ఏటా శరదృతువులో వేలితో నొక్కి చూసి, గట్టిపడినా అంచు వదిలినా తీసి మళ్లీ వేయించాలి.

డెక్ పోయకముందే చేయాల్సిన మరో పని విద్యుత్తుకు సంబంధించినది. పూల్ చుట్టుపక్కల ఉన్న లోహపు భాగాలన్నిటినీ, డెక్ కింది ఊచలతో సహా, ఒకే రాగి తీగతో కలపాలి. అమెరికా విద్యుత్ నియమావళి పూల్ అంచు నుంచి 3 అడుగుల వరకు నడిచే తలాన్ని కూడా ఇందులో చేర్చింది. కాంక్రీటు పోశాక దీన్ని చేయడం కుదరదు కాబట్టి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చూసి సరేనన్నాకే పోయించండి.

ప్రశ్న: మా కాంక్రీటు డెక్‌కు రెండేళ్లు. బీటలు లేవు, మట్టం సరిగ్గానే ఉంది, కానీ పైన రూపాయి బిళ్లలంత పెచ్చులు ఊడి లోపలి కంకర కనిపిస్తోంది. మాది ఉప్పునీటి పూల్. తప్పు ఉప్పుదేనా? పైన కొత్త పూత వేయిస్తే సరిపోతుందా?

జవాబు: ఉప్పు భాగస్వామి మాత్రమే, మొదటి ముద్దాయి కాదు. మట్టం చెడలేదంటే నేల బాగానే ఉంది, జబ్బు పై అర అంగుళంలోనే ఉంది. కాంక్రీటులోని సన్న రంధ్రాల్లో నీరు నిండి గడ్డకట్టినప్పుడు, పెరిగిన మంచు నెట్టిన నీటికి ఎటో చోటు కావాలి. గాలి కలిపిన కాంక్రీటులో కంటికి ఆనని బుడగలు ఆ చోటిస్తాయి. 1930లలో అమెరికాలో కొన్ని రోడ్లు మిగతావాటికన్నా మంచును బాగా తట్టుకోవడం చూసి కారణం వెతికితే, సిమెంటు నూరేటప్పుడు కలిసిన కొవ్వు, జిగురు లాంటి పదార్థాల వల్ల అందులో బుడగలు ఏర్పడ్డాయని తేలింది. మీ డెక్‌లో ఆ గాలి లేకపోయి ఉండాలి, లేదా ఉన్నా పైపొరలో చచ్చిపోయి ఉండాలి. పలక మీద నీరు తేలుతుండగానే ఉక్కు తాపీతో నున్నగా రుద్దితే పైపొరలో నీరెక్కువై, గాలి పోయి, అట్టలాంటి పలచని పొర మిగులుతుంది. నీరు ఆరేదాకా ఆగి చీపురుతో గీతలు తీస్తే ఈ ఇబ్బంది ఉండదు, పైగా కాలు జారదు.

ఉప్పు విషయానికొస్తే, మీ పూల్‌లో లీటరుకు 3 నుంచి 4 గ్రాములు ఉంటుంది, సముద్రంలో దాదాపు 35 గ్రాములు. చిమ్మిన నీరు ఆరి, మళ్లీ చిమ్మి, మళ్లీ ఆరి, ఉప్పు పైపొరలో పేరుకుంటుంది. పెచ్చులూడటం అతిగాఢమైన ఉప్పునీటిలోకన్నా 3 శాతం, అంటే లీటరుకు 30 గ్రాముల దరిదాపుల్లో ఉన్న పలచని ఉప్పునీటిలోనే ఎక్కువ. కాబట్టి పూల్ మూసే ముందు డెక్‌ను మంచినీళ్లతో బాగా కడిగించండి. చలికాలంలో మంచు కరిగించే ఉప్పులు చల్లకండి, జారకుండా ఇసుక చల్లితే చాలు. ఎరువుల్లో వాడే అమ్మోనియం నైట్రేటు, అమ్మోనియం సల్ఫేటు ఉన్న మంచు మందులు సిమెంటునే తినేస్తాయి కాబట్టి వాటిని గడప తొక్కనివ్వకండి.

పూత సంగతి: పైన తెరలా మెరిసే యాక్రిలిక్ పూత కింది తేమను బంధిస్తుంది, ఆ తేమే మళ్లీ గడ్డకట్టి పూతతో సహా పెచ్చును ఎత్తుతుంది. ఊడే భాగాన్ని గట్టి కాంక్రీటు తగిలేదాకా చెక్కించి, మంచును తట్టుకునే మరమ్మతు మిశ్రమంతో నింపి, బాగా ఆరాక, లోపలికి ఇంకి ఆవిరిని వదలనిచ్చే సిలేన్ లేదా సిలోక్సేన్ ద్రవాన్ని పట్టించండి. అది పట్టిందో లేదో చూడటానికి ఒక గ్లాసు నీళ్లు ఒలకబోయండి. తామరాకు మీది బిందువుల్లా నిలిస్తే సరే, కాంక్రీటు వెంటనే నల్లబడి పీల్చేస్తే మళ్లీ పట్టించాలి. పెచ్చులు డెక్ సగానికి పైగా వ్యాపించి ఉంటే మరమ్మతు మీద డబ్బు వృథా చేయకండి. తీయించి కొత్తది వేయించుకోవడమే మంచిది.

ప్రశ్న: నేలపై నిలిపే పూల్ చుట్టూ చెక్క డెక్ కట్టించాం. ప్రతి మార్చిలో రెండు స్తంభాలు పైకి లేచి, మెట్ల దగ్గరి గేటు పట్టేస్తోంది, మే నెలకు కొంత దిగుతుంది. పునాదులు నాలుగు అడుగుల లోతున్నాయి. అయినా ఎందుకిలా?

జవాబు: ముందు మీ ప్రాంతంలో నేల ఎంత లోతు వరకు గడ్డకడుతుందో స్థానిక భవన కార్యాలయంలో కనుక్కోండి. కొన్నిచోట్ల నాలుగు అడుగులు చాలవు. లోతు సరిపోయిందని తేలితే, అప్పుడు పునాది అడుగును కాదు, పక్కల్ని అనుమానించాలి. గుంటలోనే మట్టికి ఆనించి కాంక్రీటు పోస్తే స్తంభం ఒంటినిండా గరుకుగా ఉంటుంది, పైభాగంలో మట్టి దానికి అతుక్కుని గడ్డకట్టి, లేచేటప్పుడు స్తంభాన్ని కూడా మేకు పీకినట్టు లాగుతుంది. గుంట నోరు వెడల్పై స్తంభం పుట్టగొడుగు ఆకారంలో ఉంటే మరీ ప్రమాదం. ఆ రెండు స్తంభాల చుట్టూ తవ్వి చూస్తే ఇదే కనిపిస్తుందని నా అంచనా. నున్నని అట్ట గొట్టంలో పోసి, కిందిభాగాన్ని వెడల్పుగా ఉంచి, చుట్టూ కంకర నింపితే మట్టికి పట్టు దొరకదు. డెక్‌ను పూల్ గోడకు ఎక్కడా బిగించకండి, అది తన కాళ్ల మీద తానే నిలబడాలి.

చెక్క గురించి రెండు మాటలు. కుళ్లకుండా చెక్కకు పట్టించే రసాయనంలోని రాగి మామూలు ఇనుప మేకుల్ని తినేస్తుంది కాబట్టి వేడి జింకులో ముంచిన స్క్రూలు, ఉప్పునీటి పూల్ అయితే స్టెయిన్‌లెస్ స్టీలువి వాడాలి. కోసిన ప్రతి చివరా పచ్చిగా ఉంటుంది, అక్కడ మళ్లీ రసాయనం పూయాలి. ప్లాస్టిక్ కలిపిన కాంపోజిట్ పలకలైతే కుళ్లవు, కానీ చెక్క తేమకు వెడల్పులో మారితే అవి ఎండకూ చలికీ పొడవులో మారతాయి. చివర్ల దగ్గర తయారీదారు చెప్పినంత సందు వదలకపోతే వేసవిలో విల్లులా లేస్తాయి.

ప్రశ్న: గడ్డకట్టిన నీరు గోడల్ని, డెక్‌నూ నెట్టకుండా చలికాలంలో పూల్ పూర్తిగా ఖాళీ చేయమంటున్నారు. చేయవచ్చా?

జవాబు: వద్దు. నేలలోని నీటి ఒత్తిడికి ఖాళీ పూల్ పడవలా తేలుతుంది, బయటి మట్టి గోడను లోపలికి నెడుతుంది, దానితో డెక్ కూడా పోతుంది. నీటిమట్టాన్ని టైళ్ల వరుస కిందికి మాత్రమే దించి, పైపుల్లోని నీరు పూర్తిగా ఊది తీయించి, మూత వేయండి. మూత కొక్కేలు పేవర్లలో బిగించేటట్లయితే దిమ్మె ఒక్కటే ఆ లాగుడుకు ఆగదు, దిమ్మె గుండా కింది కంకరలోకి దిగే పొడవాటి గొట్టపు కొక్కేలు అడగండి. డెక్ మీది మంచును ప్లాస్టిక్ పారతోనే తీయించండి, తీసిన మంచును కోపింగ్ పక్కన కుప్ప వేయనివ్వకండి, ఎందుకంటే అది కరిగి దిగేది మీరు శ్రమపడి సీలెంట్ నింపిన ఆ సందులోకే.